కీమో మానేసి విటమిన్ సి సెలైన్లు చాలంటున్నారు నాన్న

హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు బ్యాంకులో పనిచేస్తున్న అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. చాలా పెద్దది. పేర్లు, ఊరి గుర్తులు తీసేసి సారాంశం ఇస్తున్నాం.

వాళ్ళ నాన్నగారికి 63 ఏళ్ళు. గుంటూరు జిల్లాలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పన్నెండేళ్ళుగా షుగరు, ఇప్పుడు రెండు పూటలా ఇన్సులిన్. నాలుగు నెలల కిందట పెద్దపేగులో క్యాన్సర్ బయటపడింది. ఆపరేషన్ బాగా జరిగింది. బయాప్సీ రిపోర్టులో టీ3 (గడ్డ పేగు గోడలో ఎంత లోతుకు దిగిందో చెప్పే గుర్తు) అనీ, తీసిన 18 లింఫ్ గ్రంథుల్లో రెండింటిలో క్యాన్సర్ ఉందనీ రాశారు. అంటే మూడో దశ. మూడు వారాలకోసారి ఆసుపత్రిలో ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించి, తర్వాత పద్నాలుగు రోజులు కాపెసిటబిన్ అనే కీమో మాత్రలు వాడాలని, అలా ఎనిమిది సైకిళ్ళని, అంటే ఎనిమిది విడతలని డాక్టరు చెప్పారు. రెండు అయ్యాయి. ఆయనకు వేళ్ళ కొసల్లో సూదులు గుచ్చినట్టు తిమ్మిర్లు. పొద్దున్నే స్టీలు గ్లాసు పట్టుకుంటే షాకు కొట్టినట్టుంటోందట. మూడో సైకిల్ పది రోజుల్లో ఉంది. వెళ్ళనంటున్నారు.

ఈలోగా బాబాయి ఒక వెల్‌నెస్ సెంటర్ సంగతి మోసుకొచ్చారు. వారానికి రెండుసార్లు విటమిన్ సి సెలైన్, ఒక్కోదానికి 9 వేలు, మూడు నెలల కోర్సు. కీమో అవసరం లేదని అక్కడివాళ్ళు చెప్పారట. డాలస్‌లో ఉన్న అన్నయ్య కూడా, 'రెండు నోబెల్ బహుమతులు తీసుకున్న సైంటిస్టే చెప్పాడు, తీసిపారేయకు' అంటూ రోజుకో లింకు పంపుతున్నాడు. ఆసుపత్రి డాక్టరుకు చెప్పకుండానే నాన్నగారు రెండు సెలైన్లు పెట్టించుకున్నారు. బిల్లులో 25 గ్రాములని ఉంది. రెండోది ఎక్కించిన రోజు రాత్రి ఎనిమిదిన్నరకు ఇంట్లో మిషన్‌తో చూస్తే షుగరు 412. అమ్మ భయపడి ఆరు యూనిట్ల ఇన్సులిన్ అదనంగా ఇచ్చింది. పదకొండింటికి ఒళ్ళంతా చెమటలు, వణుకు, మాట ముద్దగా వచ్చింది. మిషన్‌లో చూస్తే 190. అయినా అమ్మకు ఎందుకో అనుమానం వచ్చి పంచదార నీళ్ళు తాగిస్తే తేరుకున్నారు. సెంటర్‌కి ఫోన్ చేస్తే 'ఒంట్లో విషాలు బయటికి పోతున్నాయి, మంచి గుర్తే' అన్నారట.

బాబాయి భార్య, అంటే వీళ్ళ పిన్ని, నాలుగేళ్ళ కిందట కీమో జరుగుతుండగానే పోయారు. 'మీ పిన్నిని చంపింది జబ్బు కాదు, ఆ మందులే. ఇప్పుడు అన్నయ్యని కూడా చంపుతావా?' అని ఆయన అందరిముందూ అన్నారు. 'విటమిన్ సి నిజంగా పనిచేస్తుందా? నాన్నతో గొడవపడి కీమోకి తీసుకెళ్ళాలా? ఆయన మాట గౌరవించి వదిలేయాలా? అమ్మ రోజూ ఇస్తున్న ఉసిరి రసం కూడా ఆపాలా?' అని అడుగుతున్నారు.

సమాధానం:

అమ్మా, ముందు ఆ రాత్రి సంగతి తేల్చుకుందాం. మిగతావి రెండు రోజులు ఆగినా ఫర్వాలేదు, ఇది మాత్రం ఆగేది కాదు.

ఇంట్లో వాడే షుగరు మిషన్ స్ట్రిప్ మీద ఒక రసాయనం ఉంటుంది. రక్తంలోని గ్లూకోజ్ దానితో కలిసినప్పుడు ఎలక్ట్రాన్లు విడుదలవుతాయి. మిషన్ ఆ కరెంటును కొలిచి అంకె చూపిస్తుంది. విటమిన్ సి కూడా ఎలక్ట్రాన్లను తేలిగ్గా వదిలేసే పదార్థమే. మామూలుగా రక్తంలో అది చాలా కొద్దిగా ఉంటుంది కాబట్టి లెక్కలోకి రాదు. గ్రాముల కొద్దీ నరంలోకి ఎక్కించినప్పుడు మాత్రం చాలా రకాల మిషన్లు దాన్ని కూడా గ్లూకోజ్ అనుకుని కలిపేస్తాయి. అసలు షుగరు మామూలుగా ఉన్నా మూడొందలు, నాలుగొందలు చూపిస్తాయి. విటమిన్ కిడ్నీల ద్వారా బయటికి పోయేదాకా, అంటే కొన్ని గంటలపాటు, ఈ తప్పు అంకె వస్తూనే ఉంటుంది.

అక్కడ లేని నేను నూటికి నూరు శాతం ఇదే జరిగిందని చెప్పలేను. కానీ మీరు రాసిన లక్షణాలన్నీ షుగరు పడిపోయినప్పుడు వచ్చేవే. ఆ 412 నిజం కాకపోవచ్చు, పదకొండింటికి కనిపించిన 190 కూడా నిజం కాకపోవచ్చు. మిషన్ని కాకుండా మనిషిని చూసి పంచదార నీళ్ళు ఇచ్చారు మీ అమ్మగారు. ఆ పని చేయకపోయి ఉంటే ఇవాళ మీ ఉత్తరం వేరేగా ఉండేది. విషాలు పోతున్నాయని చెప్పినవాళ్ళకు ఈ సంగతి తెలియకపోతే ఇన్సులిన్ వాడే మనిషికి ఆ సెలైన్ పెట్టే అర్హత వాళ్ళకు లేదు. తెలిసీ చెప్పకపోతే ఇంకా ఘోరం.

కాబట్టి ఒకవేళ మళ్ళీ ఆ సెలైన్ ఎక్కించుకుంటే ఆ రోజంతా ఇంటి మిషన్ చూపించిన అంకెను బట్టి ఇన్సులిన్ పెంచకండి. ఏ అనుమానం వచ్చినా ల్యాబ్‌లో నరం నుంచి రక్తం తీయించి చూపించుకోండి, ఎందుకు చేయిస్తున్నారో ల్యాబ్ వాళ్ళకు చెప్పండి. చెమటలు, వణుకు, మాట తడబడటం కనిపిస్తే మిషన్‌లో ఎంత ఉన్నా ముందు పంచదార ఇవ్వండి. ఈ మూడు మాటలూ కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి.

ఇక అన్నయ్య వాదన. ఆయన చెబుతున్న సైంటిస్టు లైనస్ పౌలింగ్. రెండు నోబెళ్ళు నిజమే. 1954లో వచ్చింది రసాయన బంధాల మీద చేసిన పనికి, 1962 సంవత్సరానిది అణు పరీక్షలకు వ్యతిరేకంగా పోరాడినందుకు ఇచ్చిన శాంతి బహుమతి. రెండూ విటమిన్లకు వచ్చినవి కావు. విటమిన్ సి మీద పనికి నోబెల్ వచ్చింది 1937లో, సెంట్ గ్యోర్గీ, హావర్త్ అనే ఇద్దరికి. దాన్ని వేరుచేసి, అది ఏమిటో, అణువు ఎలా ఉంటుందో తేల్చినందుకు. అన్నయ్యకు ఈ ముక్క పంపితే ఒక సాయంత్రమైనా లింకులు ఆగుతాయేమో.

అయితే పౌలింగ్‌ని పిచ్చివాడిగా కొట్టిపారేయడం కూడా న్యాయం కాదు. విటమిన్ సి మీద అంత ఆశ పెట్టుకోవడానికి చరిత్రలో కారణముంది. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ డాక్టరు, విటమిన్ సి లోపంతో వచ్చే స్కర్వీ జబ్బుతో చిగుళ్ళు కుళ్ళి లేవలేని స్థితిలో ఉన్న 12 మంది నావికులను ఇద్దరిద్దరుగా విడదీసి ఆరు రకాల వైద్యాలు చేశాడు. నారింజలు, నిమ్మకాయలు తిన్న ఇద్దరూ వారం తిరక్కుండా లేచి తిరిగారు. వేల మందిని మింగిన జబ్బు పండ్లతో పోయింది. అలాంటి చరిత్ర ఉన్న పదార్థం ఇంకేమైనా చేయగలదేమో అనిపించడం సహజం. పైగా ఇది లేకపోతే శరీరంలో కొలాజెన్ సరిగ్గా తయారుకాదు, అంటే గాయం మానదు, రక్తనాళాల గోడలు నిలవవు. క్యాన్సర్ చుట్టూ ఉన్న కణజాలం గట్టిపడితే అది పాకకుండా ఉంటుందేమో అన్నది ఆనాటి ఊహ.

ఆ ఊహతో స్కాట్లండ్ సర్జన్ ఇవాన్ కామెరాన్, పౌలింగ్ కలిసి 1976లో ఒక పేపరు వేశారు. చివరి దశలో ఉన్న 100 మంది క్యాన్సర్ రోగులకు రోజుకు 10 గ్రాముల చొప్పున ఇస్తే, ఇవ్వని వెయ్యిమంది కంటే సగటున నాలుగు రెట్లు ఎక్కువకాలం బతికారని. మీ అన్నయ్య పంపిన లింకుల్లో సగం చివరికి ఇక్కడికే చేరతాయి. లోపం ఎక్కడంటే, ఆ వెయ్యిమందినీ ఆసుపత్రి పాత రికార్డుల్లోంచి ఏరారు. రెండు గుంపుల వాళ్ళనూ ఒకే సమయంలో, చీటీ తీసినట్టు ఎంచి పోల్చలేదు. ఎవరిని 'ఇక వైద్యం లేదు' అని ఎప్పుడు నిర్ణయించారన్న దాంట్లోనే తేడా ఉంటే లెక్కంతా తారుమారవుతుంది. మాస్టారు గారికి ఈ ఒక్క విషయం చెప్పి చూడండి. లెక్కల మాస్టారు కదా, మనకంటే త్వరగా పట్టేస్తారు.

తర్వాత అమెరికాలోని మేయో క్లినిక్ చీటీ తీసే పద్ధతిలోనే రెండుసార్లు పరీక్ష చేసింది. సగం మందికి విటమిన్ మాత్ర, సగం మందికి ఉత్తుత్తి మాత్ర, ఎవరికి ఏది ఇస్తున్నారో డాక్టర్లకు కూడా తెలియకుండా. 1979లో ఒకటి, 1985లో ఇంకొకటి. ఈ రెండోది అచ్చంగా మీ నాన్నగారి లాంటి జబ్బున్నవాళ్ళ మీద, ముదిరిన పెద్దపేగు క్యాన్సర్ ఉన్న 100 మంది మీద చేసింది. తేడా లేదు. దాన్ని నడిపించిన డాక్టరు పేరు చార్లెస్ మోర్టెల్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మళ్ళీ వస్తుంది.

కథ అక్కడితో ముగిసిందని చెబితే మీ బాబాయి దొరికించుకుంటారు. ఎందుకంటే ముగియలేదు. మేయో వాళ్ళు నోటి ద్వారా మాత్రమే ఇచ్చారు. నోటి ద్వారా ఎంత మింగినా పేగు ఒక హద్దు దాటి పీల్చుకోదు, మిగిలింది విరేచనంలో పోతుంది. నరంలోకి ఎక్కిస్తే రక్తంలో పదుల రెట్లు ఎక్కువ మోతాదు చేరుతుంది. అంత మోతాదులో విటమిన్ సి, కణాలను కాపాడే తన మామూలు గుణానికి తలకిందులుగా ప్రవర్తిస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని పుట్టించి, కనీసం ల్యాబ్ గిన్నెలోనైనా, కొన్ని క్యాన్సర్ కణాలను చంపుతుంది. అందుకే పరిశోధన మళ్ళీ మొదలైంది. 2024లో అయోవా విశ్వవిద్యాలయం వాళ్ళు ముదిరిన పాంక్రియాస్ క్యాన్సర్ ఉన్న 34 మంది మీద చిన్న ట్రయల్ చేస్తే, కీమో మాత్రమే తీసుకున్నవాళ్ళ మధ్యస్థ ఆయుర్దాయం 8 నెలల పైచిలుకు, దానికి విటమిన్ సి సెలైన్ కలిపినవాళ్ళది 16 నెలలు వచ్చింది. చాలా చిన్న ట్రయలే, కానీ ఆసక్తికరమైనదే. మీ నాన్నగారి జబ్బుకి దగ్గరగా వస్తే, చైనాలో వేరే చోట్లకు పాకిన పెద్దపేగు క్యాన్సర్ ఉన్న 442 మంది మీద చేసి 2022లో ప్రచురించారు. మొత్తం మీద చూస్తే జబ్బు పెరగకుండా ఆగిన కాలంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఒక రకం జన్యుమార్పు ఉన్నవాళ్ళలో మాత్రం కాస్త మేలు కనిపించింది.

ఇప్పుడు మీరు బాబాయిని అడగాల్సిన ప్రశ్న ఒక్కటే ఉంది. నేను చెప్పిన ఈ కొత్త ట్రయల్స్‌లో విటమిన్ సి తీసుకున్నవాళ్ళందరూ కీమో కూడా తీసుకున్నారు. సెంటర్ వాళ్ళు గోడకు అంటించే పేపర్లు 'కీమోతో పాటు' ఇచ్చినవి, అమ్ముతున్నది మాత్రం 'కీమోకి బదులు'. 'మూడో దశ పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్ తర్వాత కీమో ఇవ్వకుండా ఈ సెలైన్ ఒక్కటే ఇచ్చి, జబ్బు తిరగబెట్టలేదని చూపించిన ట్రయల్ ఒక్కటి చూపించండి' అని అడగండి. కాగితం మీద అడగండి. ఇంకేమీ వాదించక్కర్లేదు.

సరే, కీమో సంగతో? ఇక్కడే మోర్టెల్ మళ్ళీ వస్తాడు. విటమిన్ సి పనిచేయలేదని చెప్పిన అదే మనిషి, ఐదేళ్ళ తర్వాత 1990లో ఇంకో ఫలితం ప్రకటించాడు. మూడో దశ పెద్దపేగు క్యాన్సర్‌ని కోసి తీసేశాక ఫ్లోరోయురాసిల్, లెవమిసోల్ అనే మందులు ఇస్తే, ఆపరేషన్ ఒక్కటే చేయించుకున్నవాళ్ళతో పోలిస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం 41 శాతం, మరణాలు 33 శాతం తగ్గాయి. మీ నాన్నగారు వేసుకుంటున్న కాపెసిటబిన్ శరీరంలోకి వెళ్ళాక మారేది ఆ ఫ్లోరోయురాసిల్‌గానే. అంటే ఆయనకు ఇస్తున్న కీమో, పాకిపోయిన జబ్బున్నవాళ్ళకు నాలుగు నెలలు పొడిగించడానికి ఇచ్చేది కాదు. కంటికి, స్కానుకి కనబడకుండా ఎక్కడైనా మిగిలిన కణాలను తుడిచేసి, ఆయన్ను ఈ జబ్బు నుంచి పూర్తిగా బయటపడేయడానికి ఇచ్చేది. దీన్ని ఎవరైనా ఆయనకు ఈ మాటల్లో చెప్పారా? మీ ఉత్తరం చూస్తే చెప్పినట్టు లేదు. 'ఎనిమిది సైకిళ్ళు' అని మాత్రం చెప్పారు.

నాకు అర్థమైనంతవరకు మీ నాన్నగారు విటమిన్ సి మీద నమ్మకంతో కీమో మానడం లేదు. ఆ తిమ్మిర్లు భరించలేకపోతున్నారు, దాన్నుంచి గౌరవంగా బయటికి రావడానికి ఒక దారి కావాలి, బాబాయి ఆ దారి చూపించారు. కాబట్టి విటమిన్ గురించి ఎంత వాదించినా పెద్దగా లాభం ఉండదు. తిమ్మిర్ల గురించి మాట్లాడాలి.

ఆ తిమ్మిర్లు ఆక్సాలిప్లాటిన్ వల్ల. రెండు రకాలు. ఒకటి చల్లటిది తగిలితే వచ్చేది, ఎక్కించిన తర్వాత కొద్ది రోజుల్లో తగ్గుతుంది. ఆ రోజుల్లో స్టీలు గ్లాసు బదులు ప్లాస్టిక్‌ది ఇవ్వండి, ఫ్రిజ్‌లోంచి మజ్జిగ గిన్నె ఆయన్ను తీయనివ్వకండి, తాగేవి గోరువెచ్చగా ఉండాలి, పొద్దున్నే నల్లా నీళ్ళతో మొహం కడుక్కోనివ్వకండి. రెండోది సైకిల్ సైకిల్‌కీ పేరుకునే నరాల దెబ్బ. అది పోవడానికి నెలలు పట్టొచ్చు, కొందరికి పూర్తిగా పోదు. మందు ఆపాక కూడా కొంతకాలం పెరగొచ్చు. షుగరు వల్ల ఆయన నరాలు ఇప్పటికే దెబ్బతిని ఉండే అవకాశం ఉంది కాబట్టి, ఆయన బాధను 'అందరికీ ఉండేదే' అని తోసేయకూడదు. చొక్కా గుండీలు పెట్టుకోగలుగుతున్నారా, పెన్ను పట్టి సంతకం చేయగలుగుతున్నారా, రెండు సైకిళ్ళ మధ్యలో తిమ్మిరి పూర్తిగా పోతోందా లేదా అన్నవి చూసి రాసుకుని డాక్టరుకు చెప్పండి. డాక్టరు నిర్ణయం మారేది ఇలాంటి వివరాల మీదే.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

మొదటిది, నాకు అన్నిటికంటే ఆశ కలిగించేది. మీరు పంపిన రిపోర్టులో టీ3, రెండు గ్రంథులు. ఇలాంటివాళ్ళని మూడో దశలో తక్కువ ప్రమాదం ఉన్న వర్గం అంటారు. ఆరు నెలల కీమో అవసరమా, మూడు నెలలు సరిపోతుందా అని 12,000 మందికి పైగా రోగుల వివరాలు కలిపి చూసి 2018లో ప్రచురించారు. ఈ వర్గంలో, మీ నాన్నగారు వాడుతున్న ఇదే మందుల జోడీతో, మూడేళ్ళ తర్వాత జబ్బు లేకుండా ఉన్నవాళ్ళు మూడు నెలల కోర్సులో నూటికి 85 మంది, ఆరు నెలల కోర్సులో 83 మంది. అంటే పొట్టి కోర్సు వాళ్ళకు నష్టం కనిపించలేదు. చెప్పుకోదగ్గ తిమ్మిర్లు మాత్రం మూడు నెలల వాళ్ళలో నూటికి 14 మందికి, ఆరు నెలల వాళ్ళలో 45 మందికి వచ్చాయి. మూడు నెలలంటే నాలుగు సైకిళ్ళు. ఆయన రెండు పూర్తి చేశారు. 'ఇంకా ఆరు' అనేది 'ఇంకా రెండు' అయితే ఆయన మనసు మారుతుందేమో చూడండి. అలాగని మీరే నాలుగుతో ఆపేయకండి. పేగు అడ్డుపడటం, చిల్లుపడటం లాంటివి ఆపరేషన్ ముందు ఏమైనా జరిగాయా, రిపోర్టులో ఇంకేమున్నాయి అన్నవి కూడా చూసి డాక్టరు ఎనిమిది అని ఉండొచ్చు. 'మా నాన్నగారి విషయంలో నాలుగు ఎందుకు సరిపోవు?' అని మర్యాదగా, సూటిగా అడగండి. సరైన కారణం ఉంటే చెబుతారు.

రెండోది, ఆక్సాలిప్లాటిన్ మోతాదు తగ్గించడమో, వారం వాయిదా వేయడమో, లేదా దాన్ని ఆపేసి కాపెసిటబిన్ మాత్రలు ఒక్కటే కొనసాగించడమో. దీనివల్ల కొంత రక్షణ తగ్గుతుంది. కానీ ఆపరేషన్ తర్వాత ఇచ్చే కీమోలో పెద్ద మేలు ఆ మాత్రల కుటుంబానిదే. ఆక్సాలిప్లాటిన్ దానికి మరికొంత కలుపుతుంది. పూర్తిగా మానేయడం కంటే ఇది చాలా నయం. పైగా సెలైన్ కుర్చీలో కూర్చోవాల్సిన పని ఉండదు. మాత్రలతో అరచేతులు, అరికాళ్ళు ఎర్రబడి తోలు ఊడటం, విరేచనాలు ఉంటాయని మాత్రం ముందే తెలుసుకోండి.

మూడోది, కీమో తీసుకుంటూనే, డాక్టరుకు చెప్పి, విటమిన్ సి సెలైన్ కూడా పెట్టించుకోవడం. దీన్ని నేను సమర్థించను, కానీ మీ నాన్నగారు 'రెండూ అయితే వస్తా' అంటే తలుపు మూసేయొద్దు. అప్పుడు తెలియాల్సినవి ఇవి. కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్, ఆయనకు 1.4 అని రాశారు. విటమిన్ సి శరీరంలో కొంతభాగం ఆక్సలేట్‌గా మారుతుంది, అది కిడ్నీల్లో స్ఫటికాలుగా పేరుకోవచ్చు. అసలే మందకొడిగా ఉన్న కిడ్నీలు ఉన్నట్టుండి పాడైన కేసులు ఉన్నాయి. కిడ్నీ దెబ్బతింటే కాపెసిటబిన్ మోతాదు కూడా తగ్గించాల్సి వస్తుంది, అంటే పనికొచ్చే మందుకి పనికొస్తుందో లేదో తెలియని మందు అడ్డుపడినట్టు. ఇంకొకటి, జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం పుట్టుకతో ఉన్నవాళ్ళలో ఈ మోతాదు ఎర్రరక్తకణాలను పగలగొడుతుంది. దానికి రక్తపరీక్ష ఉంది. ఆ సెంటర్ వాళ్ళు రెండు సెలైన్లు పెట్టేముందు ఆ పరీక్ష చేశారా, క్రియాటినిన్ అడిగారా? మీరు రాసిన దాంట్లో ఆ ఊసే లేదు. షుగరు మిషన్ సంగతి పైన చెప్పాను. 24 సెలైన్లకు రెండు లక్షల పదహారు వేలవుతుంది. అది ఆయన ఎఫ్‌డీ డబ్బు కాబట్టి ఖర్చుపెట్టే హక్కు ఆయనదే, దేనికి పెడుతున్నారో తెలిసి పెట్టాలి.

నాలుగోది, అన్నీ ఆపేసి రక్తపరీక్షలు, స్కాన్లు, ఏడాదికి కొలనోస్కోపీతో జాగ్రత్తగా చూసుకుంటూ ఉండటం. ఆయన అంతా తెలుసుకుని ఈ దారి ఎంచుకుంటే అది ఆయన హక్కు. చాలామంది ఆపరేషన్‌తోనే బాగుంటారు కూడా. తిరగబెట్టే అవకాశం మాత్రం పెరుగుతుంది, తిరగబెట్టినప్పుడు పూర్తిగా నయం చేయడం చాలామందిలో కుదరదు.

ఐదోది, కీమో లేకుండా ఆ సెలైన్ మాత్రమే. నా దృష్టిలో నాలుగోదాని కంటే ఇది అధ్వానం. నాలుగోదాంట్లో తాను మందు తీసుకోవడం లేదన్న ఎరుక ఉంటుంది, పరీక్షలకు వెళ్తారు. ఇందులో వైద్యం జరుగుతోందన్న భరోసా ఉంటుంది, అది మాత్రం ఉట్టిది. అమెరికాలో 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, వైద్యం వద్దని ప్రత్యామ్నాయ చికిత్సలు మాత్రమే ఎంచుకున్న పెద్దపేగు క్యాన్సర్ రోగుల్లో మరణాలు నాలుగు రెట్ల పైన కనిపించాయి. ఆ అంకెను మీ నాన్నగారి మీదకు నేరుగా విసరకండి. వాళ్ళు ఆపరేషన్ కూడా చేయించుకోనివాళ్ళు, ఈయన చేయించుకున్నారు. భయపెట్టడానికి సరిపోని అంకె వాడితే, రేపు మీరు చెప్పే సరైన అంకె కూడా నమ్మరు.

గొడవపడి తీసుకెళ్ళాలా అని అడిగారు. చేయి పట్టుకుని లాక్కెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టగలరేమో కానీ, ఇంటికొచ్చాక పద్నాలుగు రోజులు పూటపూటా మాత్ర మింగేది ఆయనే. ఇష్టం లేకపోతే మింగినట్టు చేసి పారేస్తారు. కీమోకి కాకుండా, డాక్టరుతో మాట్లాడటానికి మాత్రమే రమ్మనండి. 'నాన్నా, నాలుగుతో ఆపొచ్చేమో అడుగుదాం, వద్దనుకుంటే ఆ రోజు ఎక్కించుకోవద్దు, నేనేమీ అనను' అని చెప్పండి. చెప్పాక మాట మీద నిలబడాలి.

బాబాయిని కూడా ఆ రోజు వెంట తీసుకెళ్ళండి. ఆయన మాటలు మిమ్మల్ని గాయపరిచాయి, నిజమే. కానీ అవి పిన్ని పోయిన దుఃఖంలోంచి వచ్చినవి. ఆమెకు ఏ క్యాన్సర్, ఏ దశ, ఏ మందులు, చివరికి ఏం జరిగింది, ఇవన్నీ ఆయనకు ఎవరూ సరిగ్గా చెప్పి ఉండకపోవచ్చు. కీమో అంటే ఒక్క మందు కాదు, ఆమెకు ఇచ్చింది వేరు, మీ నాన్నగారికి ఇస్తున్నది వేరు కావచ్చు. పిన్ని పాత ఫైలు ఉంటే తెమ్మనండి. ఓపిక ఉన్న డాక్టరైతే ఐదు నిమిషాలు చూసి చెబుతారు. నాలుగేళ్ళుగా 'నేనే ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళి చంపుకున్నా' అని కుమిలిపోతున్న మనిషి అయ్యుండొచ్చు ఆయన. నా ఊహ మాత్రమే, మీకు బాగా తెలుసు.

అన్నయ్యకు ఒక పని అప్పజెప్పండి. లింకులు పంపడం కాకుండా, ఆ రోజు వీడియో కాల్‌లో ఉండి డాక్టరు చెప్పింది రాసుకోవాలి. దూరాన ఉన్న కొడుకులు లింకులు పంపేది చాలాసార్లు ఇంకేం చేయాలో తోచకే.

ఉసిరి రసం గురించి. ఆపనక్కర్లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మగవాళ్ళకు రోజుకు 80 మిల్లీగ్రాముల విటమిన్ సి కావాలి. వంద గ్రాముల జామపండులో 200 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది, ఉసిరిలో ఇంకా ఎక్కువ. సరిగ్గా తినలేకపోతున్న కీమో రోగికి ఆహారంలో ఇది తగ్గకుండా చూడటం మంచిదే, చిగుళ్ళకు, గాయం మానడానికి అవసరం కూడా. ఆహారం ద్వారా వచ్చే మోతాదుతో షుగరు మిషన్ తప్పు చూపించదు. బజారు సీసాల్లో చక్కెర కలుపుతారు కాబట్టి ఇంట్లో తీసిన రసమే ఇవ్వండి, నోరు పూసిన రోజుల్లో పులుపు మంట పుడుతుంది కాబట్టి మానేయండి. కరోనా రోజుల నుంచి మీ ఇంట్లో మిగిలిన చప్పరించే నారింజ రంగు విటమిన్ సి బిళ్ళలు కూడా నాన్నగారు రోజుకు నాలుగు వేసుకుంటున్నారని రాశారు. అవి ఆపేయండి. ఎక్కువైతే విరేచనాలు పెడతాయి, అప్పుడు అది బిళ్ళల వల్లో కాపెసిటబిన్ వల్లో డాక్టరుకు తెలియక మాత్రలు అనవసరంగా ఆపేస్తారు.

చివరగా, ఆ రెండు సెలైన్ల సంగతి డాక్టరుకు చెప్పకుండా మూడో సైకిల్‌కి వెళ్ళొద్దు. చెబితే కోప్పడతారని మీ భయం. కోప్పడితే కోప్పడనివ్వండి, రెండు నిమిషాల్లో అయిపోతుంది. సెంటర్ బిల్లు, ఆ రాత్రి షుగరు అంకెలు టైముతో సహా రాసిన కాగితం, బయాప్సీ రిపోర్టు, మీరు రాసుకున్న తిమ్మిర్ల వివరాలు ఒకే ఫైల్లో పెట్టండి. మూడో సైకిల్ తేదీకి కనీసం నాలుగైదు రోజుల ముందు అపాయింట్‌మెంట్ తీసుకోండి. క్రియాటినిన్ మళ్ళీ చేయించి, మోతాదు మార్చాలంటే డాక్టరుకు ఆ టైము కావాలి.